బరువెక్కిన స్టీరింగూ, బల్బు చిచ్చా కెటిలూ

ఆ రోజుల్లో నా మెడలో ఎప్పుడూ ఒక తాడు వేలాడుతూ ఉండేది. దాని చివర ఒక పెన్‌డ్రైవ్. అందులో ఏముందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకూ సరిగ్గా తెలియదు గానీ, అది మెడలో ఉంటే నేను ఉత్త మెకానిక్‌ని కాననీ, అంతకంటే ఏదో పై మెట్టు మనిషిననీ లోకానికి తెలుస్తుందని నా నమ్మకం. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేసి, హైదరాబాదులో మూడు నెలలు స్కానర్ కోర్సు నేర్చుకుని, సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుని వరంగల్‌లో దిగాను. ఇరవై రెండేళ్ల వయసు. కారుకు ఏ రోగమొచ్చినా స్కానర్ తగిలిస్తే అదే చెప్పేస్తుంది, అది చెప్పిన సామాను మార్చేస్తే పని అయిపోతుంది, ఇంతోటి దానికి ఈ పెద్ద పెద్ద మెకానిక్కులంతా మోచేతుల దాకా మడ్డి పూసుకుని ఎందుకు అవస్థ పడుతున్నారో అని నిజంగానే జాలిపడేవాణ్ణి. (ఇప్పుడు ఆ కుర్రాడిని తలుచుకుంటే నాకే జాలి కలుగుతుంది. అతను నేనే కావడం వల్ల గట్టిగా తిట్టలేకపోతున్నాను.)

నాకు మొదటి ఉద్యోగం ఇచ్చినాయన్ని అందరూ బల్బు చిచ్చా అనేవాళ్లు (చిచ్చా అంటే ఉర్దూలో చిన్నాన్న). ఏనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. కార్లకు కరెంటు పని తప్ప ఇంకే పనీ చేసేవాడు కాదు. అరవై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న బల్బు, ఆ బల్బుకు రెండు వైర్లు. ఎంత పెద్ద కారొచ్చినా సరే, ఒక వైరు ఇక్కడా ఇంకొకటి అక్కడా ఆనించి, బల్బు వెలిగే తీరు చూసి ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడు. నిండుగా వెలిగితే ఒక మాట, మసకగా వెలిగితే ఇంకో మాట, వెలగనే వెలగకపోతే "అల్హందులిల్లా, దొంగ దొరికిండు" అని నవ్వు. కొత్త కార్లకు కంప్యూటర్లొచ్చి ఆ బల్బుకు అందకుండా పోతున్నాయని తెలిసి నన్ను పెట్టుకున్నాడు. మొదటి రోజే చెప్పేశాడు. "నీ మిషిన్ నువ్వు చూసుకో బేటా, నా బల్బు నేను చూసుకుంట. ఇద్దరం కలిసి బండిని చూసుకుందాం." ఆ మాటలో నాకు మిషిన్ అన్నది ఒక్కటే వినపడింది.

ఆ షెడ్డులో ఇంకో విశేషముంది. మార్కెట్‌కు మిర్చి బస్తాల లారీ పోయినప్పుడల్లా లోపలున్న వాళ్లందరికీ తుమ్ములు పట్టుకునేవి. వచ్చినవాళ్లు తమ కారు కష్టాలు చెప్పుకునేది తుమ్ముకూ తుమ్ముకూ మధ్యనే. నాకైతే ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉండేది. చిచ్చా ఒక్కడే తుమ్మేవాడు కాదు. ఇన్నేళ్ల మిర్చి ఘాటుకు ఆయన ముక్కు చచ్చిపోయిందని మేమంతా అనుకునేవాళ్లం. ఈ ముక్కు సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

తొలకరి పడిన రెండు మూడు వారాలకు ఒకరోజు మధ్యాహ్నం, పొద్దున కురిసిన వాన వెలిసి ఎండ చురుక్కుమంటున్న వేళ, ఒక చిన్న తెల్ల కారు వచ్చి షెడ్డు ముందాగింది. నడుపుకుంటూ వచ్చినావిడకు ముప్పై అయిదేళ్లుంటాయి. పక్క సీటులోంచి మెడలో టేపుతో, సన్నగా, బెదురు చూపులతో ఒకాయన దిగాడు. దిగి, నేల మీద రెండు కాళ్లూ ఆనాక గట్టిగా ఊపిరి వదిలాడు. వాళ్లది నర్సంపేట. ఆయన దర్జీ. జాకెట్లు కుట్టడంలో చేయి తిరిగినవాడేగానీ బండి స్టీరింగు ముట్టుకోవాలంటే చెమటలు పడతాయట. అందుకని ఆవిడే డ్రైవింగ్ నేర్చుకుని, ఈ కారు కొని, చుట్టుపక్కల తండాల నుంచి నెలలు నిండిన ఆడవాళ్లను వరంగల్ దవాఖానకు తీసుకొస్తూ ఉంటుంది. అక్కడ ఆడవాళ్లకు నొప్పులు మొదలైతే ముందు ఈ అక్కకే ఫోను చేస్తారట. నేను కూడా అక్కా అన్నాను, కాబట్టి టేపు మెడలో ఉన్నాయన నాకు బావ అయ్యాడు. మెడలో తాడు నాకు, మెడలో టేపు ఆయనకు. ఒకరినొకరం కాస్త గౌరవంగానే చూసుకున్నాం.

"తమ్మీ, నాలుగింటికి బేరగాడు వస్తాండు," అంది అక్క, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "పోయిన వారం పాకాల కాలువ మూల మీద స్టీరింగ్ ఒక్కపారే రాయి తీరుగైంది. వెనుక సీట్ల నొప్పులు పడుతున్న పిల్ల ఉన్నది. రెండు చేతులతోటి గుంజి గుంజి తిప్పిన. జర ఉంటే కాలువలనే. ఇంట్ల అందరు కూసుండి మాట్లాడి, ఇగ చాలు, అమ్మేయి అన్నరు. మూడు షెడ్లు తిరిగిన, ఎవ్వలకు లోపం దొరకలే. మీకు దొరికితే బండి నాది. దొరకకపోతే నాలుగింటికి ఆయనది. నాకైతే భయం లేదు. బండిల కూసునేటోళ్ల గురించే నా భయం."

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. అందరూ వింటున్నారని తెలిసి నేను స్కానర్ పెట్టెను కొంచెం ఆర్భాటంగానే తెరిచాను. వైరు తగిలించాను. తెర మీద గుండ్రంగా తిరిగింది, తిరిగింది, కోడ్ వచ్చింది. స్టీరింగ్ టార్క్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం. ఇదేమిటో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఈ చిన్న కార్లలో స్టీరింగు తేలిగ్గా తిరగడానికి దాని గొట్టానికి (దాన్నే కాలమ్ అంటారు) ఒక కరెంటు మోటారు ఉంటుంది. మనం చక్రాన్ని ఎంత బలంగా తిప్పుతున్నామో ఒక సెన్సర్ కొలిచి కంప్యూటర్‌కు చెబితే, కంప్యూటర్ ఆ మేరకు మోటారు చేత సాయం పట్టిస్తుంది. ఆ సెన్సర్ ఒకే సంగతిని రెండు వైర్ల మీద రెండు రకాలుగా చెబుతుంది. ఒకటి పెరిగితే రెండోది అంతే తగ్గాలి. రెండూ కలిపితే ఎప్పుడూ అయిదు వోల్టులే ఉండాలి. ఆ లెక్క తప్పిందంటే కంప్యూటర్ ఇక సెన్సర్ మాట నమ్మదు. మోటారును ఆపేసి, ఎదురుగా పసుపుపచ్చ దీపం వెలిగిస్తుంది. అప్పుడు స్టీరింగు బరువెక్కుతుంది.

ఇదంతా నేను అక్కకు ఇంగ్లీషు మాటలు ఎక్కువగా వేసి చెప్పి, "సెన్సర్ విడిగా దొరకదక్కా. స్టీరింగ్ కాలమ్ మొత్తం మార్చాలె," అని తేల్చేశాను.

"మొత్తమంటే?" అన్నాడు బావ. అదే ఆయన మొదటి మాట.

"మొత్తమే," అన్నాను. అలా అన్నప్పుడు నా గొంతులో పెద్ద డాక్టరు గాంభీర్యం వచ్చింది. అక్క కారు తలుపు మీద చేయి వేసి, దుమ్ము లేకపోయినా తుడిచింది. మొత్తం మార్పించడం ఆవిడ వల్ల అయ్యే పని కాదని ఆ చేయి చూస్తే తెలిసేది. అప్పుడు నేను చేతిని చూడలేదు, తెర మీద వచ్చిన కోడ్‌నే చూసుకుంటూ మురిసిపోతున్నాను.

చిచ్చా అప్పటిదాకా ఒక ఆటో హారన్ విప్పుకుంటూ ఉన్నాడు. దాన్ని పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి అక్క ముందు స్టూలు మీద కూర్చున్నాడు. "బిడ్డా, గా పసుపుపచ్చ దీపం ఏ యాళ్లకు వస్తది?"

"పొద్దుగాల వస్తది చిచ్చా. వాన పడ్డ దినమైతే ఇగ పక్కా. పగటీలి ఎండల పెడితే మంచిగైతది. గిప్పుడు చూడుండ్రి, ఏం లేనట్టే ఉన్నది."

"ఎన్నాళ్ల సంది?"

"ఎండకాలం ఓసారో రెండుసార్లో వచ్చింది. వానలు పడ్డకాడి నుంచి రోజుకోపారి."

"లోపటికి నీళ్లు కారినయా? అద్దాలకెల్లి, కాళ్లకాడికెల్లి?"

"చుక్క రాలే."

ఈ ప్రశ్నలేమిటో నాకు అర్థం కాలేదు. కోడ్ వచ్చేశాక ఇంకా రోగి చరిత్ర ఎందుకు? చిచ్చా లేచి, సీట్లో కూర్చుని, రెండు వేళ్లతో స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూశాడు. వెన్నలా తిరిగింది. నా వైపు చూశాడు. "సెన్సరే ఖరాబైతే ఎండకెందుకు మంచిగైతది ఇంజినీర్ సాబ్?"

"అది ఇంటర్మిటెంట్ చిచ్చా," అన్నాను ఠక్కున. (ఇంటర్మిటెంట్ అంటే అప్పుడప్పుడు వచ్చిపోయేది అని అర్థం. అంటే అక్క అయిదు నిమిషాల కింద చెప్పిన మాటనే నేను ఇంగ్లీషులోకి మార్చి జవాబుగా ఇచ్చానన్నమాట. ఇలాంటి జవాబులు ఆ వయసులో నా దగ్గర చాలా ఉండేవి.)

చిచ్చా తల ఊపి, జేబులోంచి బల్బు తీశాడు. ఆ సెన్సర్ వైర్లలో ఉండేది అయిదు వోల్టులు. ఆయన బల్బును దానికి ఆనించాడంటే అది కరెంటు గుంజేసి కంప్యూటర్ కాలిపోతుంది. ఇక బేరగాడు కూడా ఆ బండి వంక చూడడు. "చిచ్చా, వద్దు, వద్దు" అంటూ చేయి అడ్డం పెట్టాను. ఆయన ఆశ్చర్యంగా నన్ను చూసి, బల్బును వైర్లతో సహా చుట్టచుట్టి నా చేతిలో పెట్టాడు. "జేబుల ఉంటే వంగినప్పుడు గుచ్చుకుంటదని తీసిన. ఇది పన్నెండు వోల్టుల మనిషి బేటా. లోపట ఉన్నయి అయిదు వోల్టుల పిల్లలు. దీన్ని వాళ్ల దగ్గరికి పంపుతానా?"

కోర్సులో మా సారు బోర్డు మీద గంటసేపు గీసి చెప్పిన సంగతి అది. "నీకెట్ల తెలుసు చిచ్చా?" అన్నాను.

"ఓపారి కాలబెట్టిన," అన్నాడు, ఏమంత దాచుకోకుండా. "అప్పటి నుంచి తెలుసు. పో, కెటిల్ పెట్టు."

సరే, చాయ్ తాగి ఆలోచిస్తాడు కాబోలనుకుని మూలనున్న స్టవ్వు మీద కెటిల్ పెట్టి, పాల ప్యాకెట్టు కత్తిరించబోయాను. "చాయ్ కాదు, ఉత్త నీళ్లు. మస్తు మసలాలె," అన్నాడు. ఈలోగా స్టీరింగు కింది ప్లాస్టిక్ మూతకు రెండు స్క్రూలు విప్పి కొంచెం సందు చేశాడు. కారు స్టార్ట్ చేయించి, నన్ను స్కానర్ పట్టుకుని పక్క సీట్లో కూర్చోమన్నాడు. "నీ మిషిన్‌ల గా రెండు నంబర్లు కనపడుతయా? అవి సదువుకుంట ఉండు. ఏం సమజ్ చేసుకోకు, ఉత్తగ సదువు."

మసులుతున్న కెటిల్‌ను గుడ్డతో పట్టుకుని, మూత తీసి, ఆవిరి ఆ సందులోకి పోయేలా స్టీరింగు కింద పట్టుకున్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను. రెండు పాయింట్ అయిదు, రెండు పాయింట్ అయిదు. రెండు పాయింట్ అయిదు, రెండు పాయింట్ అయిదు. ఎదురింటి పిల్లలు ఎక్కాలు చదివినట్టుంది నా వ్యవహారం. అక్క తలుపు పట్టుకుని చూస్తోంది. బావ ఎందుకో రెండడుగులు వెనక్కి వేశాడు. నిమిషం గడిచింది. రెండు పాయింట్ అయిదు, రెండు పాయింట్ ఆరు. రెండు పాయింట్ అయిదు, రెండు పాయింట్ ఏడు. కలిపితే అయిదు కావడం లేదు. రెండు పాయింట్ ఆరు, రెండు పాయింట్ తొమ్మిది అంటుండగా, ఎండ మండుతున్న ఆ పట్టపగలు, ఎవరూ చక్రం ముట్టుకోకుండానే, పసుపుపచ్చ దీపం వెలిగింది.

"అగో, గదే," అంది అక్క మెల్లగా.

మూడు షెడ్లకు దొరకని, వచ్చినప్పుడు వచ్చి పోయినప్పుడు పోయే ఆ దీపాన్ని, ఆ పెద్దమనిషి ఒక కెటిల్ నీళ్లతో పిలిస్తే వచ్చినట్టు రప్పించాడు. వానాకాలపు ఉదయాన్ని తెచ్చి స్టీరింగు కింద పెట్టాడు. ఆయన నోరు విప్పకుండానే నాకు చెప్పింది ఏమిటంటే, సెన్సర్ బాగానే ఉంది, చెమ్మ తగిలినప్పుడు ఒక వైరు కరెంటు పక్క వైరులోకి జారుతోంది, తప్పు వైర్లు కలిసే చోటే ఉంది. నేను కోర్సులో నేర్చుకున్నదంతా ఆ ఒక్క నిమిషంలో నా కళ్ల ముందు మొదటిసారి నిజమైంది.

అయితే చిచ్చా దీపాన్ని చూడటం లేదు. తల కొంచెం పైకెత్తి గాలి పీలుస్తున్నాడు. చచ్చిపోయిందనుకున్న ఆ ముక్కు అటూ ఇటూ కదులుతోంది. "ఎవలన్న అరిసెలు చేస్తున్నరా?" అన్నాడు.

నా ముక్కు సంగతి మీకు తెలిసిందే, నాకేమీ తెలియలేదు. అక్క వంగి వాసన చూసింది. "అవును చిచ్చా. పాకం వాసన," అంది. ఆ మాట అంటుండగానే ప్లాస్టిక్ మూత సందులోంచి ఒక ఎర్రచీమ బయటికొచ్చింది. దాని వెనుక ఇంకొకటి. ఆ వెనుక, ఆవిరికి ఇల్లు వదిలిన చీమలు బారులు బారులుగా స్టీరింగు మీదికెక్కి, ఏమైందో చూద్దామన్నట్టు చుట్టూ తిరిగాయి. చిచ్చా కెటిల్ దించి, ఇంజను ఆపి, బ్యాటరీ వైరు తీయించి, టార్చి పట్టుకుని కాళ్లు బయట పెట్టి వెల్లకిలా లోపలికి దూరాడు. తర్వాత లోపలి నుంచి గొంతు. "ఇంజినీర్ సాబ్, ఇటు రా. నీ కోడ్‌ను చూపిస్త."

ఆయన పక్కనే తల పెట్టి పడుకుని పైకి చూశాను. స్టీరింగు గొట్టం పక్కన ఇనప పట్టీకి ఒక ఎర్రటి గుడ్డ మూట కట్టి ఉంది. అది తడిసి నల్లబడింది. దానిలోంచి గోధుమరంగు ధార ఒకటి, వైర్ల కట్ట వెంబడి సన్నగా జారి, నేరుగా సెన్సర్ కనెక్టర్‌లోకి దిగింది. టార్చి వెలుగులో అది తేనెలా మెరిసింది. దాని చుట్టూ చీమలు. ఎండాకాలం కారు లోపలి వేడికి కరిగింది, పగలంతా ఎండి గట్టిపడింది, వాన చెమ్మకు మళ్లీ మెత్తబడింది. ఇన్ని నెలలుగా ఈ పని గుట్టుగా జరుగుతుంటే, నా స్కానర్ దానికి పెట్టిన పేరు సర్క్యూట్ లోపం.

"ఇదేంది?" అన్నాను.

"బెల్లం," అన్నాడు చిచ్చా.

బయట బావ గొంతు వినపడింది. "నేనే పెట్టిన."

మేమిద్దరం ఎలా బయటికొచ్చామో తెలియదు. బావ మెడలో టేపు రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెప్పింది ముక్కలు ముక్కలుగా వచ్చింది. అక్క డ్రైవింగ్ నేర్చుకున్న రోజునే ఆయన మేడారం అమ్మలకు మొక్కుకున్నాడు, ఆవిడ క్షేమంగా బండి నడిపితే నిలువెత్తు బంగారం ఇస్తానని. (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు. మనిషి బరువుకు సరితూగే బెల్లం అమ్మలకు సమర్పిస్తారు.) జాతరకు ముందు అక్కను పత్తి కాంట మీద నిలబెట్టి తూకం వేయించాడు. మొక్కు తీర్చి, ప్రసాదంగా ఇంత ముద్ద తెచ్చుకుని, దాన్ని జాకెట్టు గుడ్డలో మూటకట్టి, ఆవిడ చూడకుండా స్టీరింగు కింద కట్టాడు. "చేతులు ఆడేది గాడనే గదా," అన్నాడు. అంతటితో ఆగితే కొంత నయమే. మొదటిసారి పసుపుపచ్చ దీపం వెలిగిన రోజు, అమ్మ బలం తగ్గిందేమో అనుకుని మూటలో ఇంకో ముక్క పెట్టాడు. రెండోసారి వెలిగితే ఇంకొకటి. కాలువ మూల సంగతి విన్న రాత్రి నిద్రపట్టక, తెల్లవారగానే అన్నిటికంటే పెద్ద ముక్క పెట్టాడు.

ఒక మిర్చి లారీ పోయినా ఎవరికీ తుమ్ము రాలేదు. అక్క భర్త వైపు తిరిగింది. "అంటే నేను ఇన్నాళ్లు గుంజి గుంజి తిప్పింది నీ బెల్లాన్నా?"

బావ తల వంచుకున్నాడు. "నువ్వు బండెక్కి పోయినంక నాకు మిషిన్ మీద చేయి ఆడది. మళ్ల నీ హారన్ ఇనపడేదాంక ఒక్క గుండీ గూడ కుట్టను. నేను నీ వెంట రాలేను, నాకు భయం. ఏదన్న ఒకటి నీ వెంట ఉండాలె గదా."

అక్క తిడుతుందనుకున్నాను. ఆవిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతుంటే, నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నా వరకు నేను, స్టీరింగు చక్రం లోపల ఇంత ప్రేమ కూడా దూరగలదని అప్పుడే మొదటిసారి చూశాను, చూసి కళ్లు తుడుచుకున్నాను. (ఎవరూ అడగలేదు గానీ, అడిగితే మిర్చి ఘాటు అని చెబుదామనుకున్నాను.)

ఆ మూటను చిచ్చా ముట్టుకోలేదు. "మీ అమ్మలది. నువ్వు పెట్టినవ్, నువ్వే తియ్యి," అన్నాడు. బండి అంటే భయపడే బావ వెల్లకిలా పడుకుని లోపలికి దూరాల్సి వచ్చింది. మధ్యలో టేపు ఎక్కడో చిక్కుకుంటే అక్కే విడిపించింది. మూట విప్పితే పైనంతా చీమలు, లోపల మాత్రం నిమ్మకాయంత ముద్ద శుభ్రంగా ఉంది. దాన్ని ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న అయింది. ప్రసాదాన్ని చెత్తలో వేయకూడదు, మళ్లీ బండిలో పెట్టకూడదు. చిచ్చా ఆ ముద్దను అందుకుని కెటిల్‌లో వేసి చాయ్ ఆకు వేయమన్నాడు. "మా అమ్మ గూడ జాతరకు పోయేది. బెల్లం పారేసిన్నని తెలిస్తే గోరీల నుంచి లేచొచ్చి కొడుతది," అన్నాడు. మేము నలుగురం ఆ బెల్లం చాయ్ తాగాం. పై పొరను నీళ్లలో కలిపి పక్క సందులోని బర్రెకు పోశాం. చీమలు వాటంతటవే పోయాయి.

కనెక్టర్ కడిగే పని నాదే. కనెక్టర్లు శుభ్రం చేసే స్ప్రే డబ్బా ఊపుతుంటే చిచ్చా ఆపాడు. బెల్లం కరగాలంటే నీళ్లే కావాలి, కానీ నల్లా నీళ్లు పోస్తే అందులోని ఉప్పు అక్కడే ఉండిపోతుంది. అందుకని బ్యాటరీలో పోసే స్వచ్ఛమైన నీళ్ల సీసా తీసిచ్చాడు. పాత పళ్ల బ్రష్‌తో, ఒక్కో పిన్నునూ, పసిపిల్ల చెవులు కడిగినట్టు కడిగాను. వేడిగాలి పట్టించి ఆరబెట్టాను. తర్వాత స్ప్రే కొట్టి, అంతా బిగించి, కోడ్ తుడిచేసి, కారు స్టార్ట్ చేశాం. కెటిల్‌లో మళ్లీ నీళ్లు మసిలాయి. ఈసారి కెటిల్ పట్టుకున్నది బావ. నేను చదివాను. రెండు పాయింట్ అయిదు, రెండు పాయింట్ అయిదు. రెండు నిమిషాలు. అయిదు నిమిషాలు. కెటిల్ చల్లారేదాకా నంబరు కదల్లేదు. నేను జీవితంలో ఇష్టంగా చదివిన పద్యమేదైనా ఉంటే అదొక్కటే.

అప్పుడే సన్నగా చినుకు మొదలైంది. అక్క మమ్మల్ని ముగ్గురినీ ఎక్కించుకుని, మార్కెట్ చుట్టూ, గుంతల్లో నీళ్లు చిమ్ముతూ రెండు చుట్లు తిప్పింది. ఒక్క వేలితో మలుపు తిప్పి చూపించింది. దీపం రాలేదు. పక్క సీట్లో బావ కళ్లు తెరిచే కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి నాలుగవుతోంది, అక్క ఫోను మోగింది. బేరగాడు దారిలో ఉన్నాడట.

"వద్దన్నా, రాకు. బండి అమ్ముత లేను," అంది. అవతల ఏదో అడిగినట్టున్నాడు. "ఆఁ, దొరికింది. ఏం లోపమంటే..." భర్త వైపు చూసింది. "లోపమేం లేదన్నా. మా ఆయన."

వాళ్లు బయల్దేరే ముందు అక్క ఇంకోసారి బావకు గట్టిగా చెప్పింది. "ఇగ నా బండిల గుండు పిన్ను గూడ పెట్టకు." బావ ఒట్టు వేశాడు. ఆవిడ సీట్లో సర్దుకుంటుండగా చిచ్చా బావను పక్కకు పిలిచి, ఖాళీ అయిన ఫ్యూజుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతిలో పెట్టి, చెవిలో ఏదో చెప్పాడు. గుండీలు వేసుకోవడానికి ఇచ్చాడేమో అనుకున్నాను. కారు వెళ్లాక అడిగాను. "చిచ్చా, నీకెట్ల తెలిసింది?"

"నాకేం తెలుసు. గా బిడ్డకు తెలుసు. పొద్దుగాల వస్తది, ఎండకు పోతది అని చెప్పింది. నువ్వు మిషిన్‌ను అడిగినవ్, నేను ఆమెను అడిగిన. మిషిన్ గూడ అబద్ధం చెప్పలేదు బేటా. దాని పేరు ఖరాబు చేయకు." అని, నా చొక్కా జేబులోంచి తన బల్బు తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు. దాన్ని నేను ఎప్పుడు జేబులో వేసుకున్నానో నాకే తెలియదు.

ఇప్పుడు చిచ్చా పని మానేశాడు. కంటి ఆపరేషన్ అయ్యాక నల్ల అద్దాలు పెట్టుకుని, నమాజు అయిన తర్వాత అప్పుడప్పుడు నా షెడ్డుకు వచ్చి కూర్చుంటాడు. నా దగ్గర ఇప్పుడు నాలుగు స్కానర్లున్నాయి, మెడలో తాడు లేదు. కొత్త పిల్లలు కోడ్ చూసి "మొత్తం మార్చాలె" అన్నప్పుడల్లా నేను కెటిల్ పెట్టమంటాను. వాళ్లు పాల ప్యాకెట్టు కోసం వెతుకుతారు. నా వెనుక నాకు కెటిల్ అన్న అని పేరు పెట్టారని తెలుసు, తెలియనట్టే ఉంటాను.

పోయిన నెల అక్క వచ్చింది. అదే తెల్ల కారు, అక్కడక్కడా రంగు పోయింది. ఆవిడ జుట్టులోనూ తెలుపు కనపడుతోంది. ఆ కారులో దవాఖానకు వచ్చి పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారట. పార్కింగు దీపం వెలగడం లేదని వచ్చింది. బావ ఎదురుగా హోటల్లో చాయ్ చెప్పడానికి పోయాడు. ఫ్యూజు చూద్దామని నేను టార్చి పట్టుకుని, కాళ్లు బయట పెట్టి, వెల్లకిలా స్టీరింగు కింద దూరాను. వైర్లకు దూరంగా, కనెక్టర్‌కు జానెడు అవతల, ఇనప పట్టీకి ఒక ప్లాస్టిక్ డబ్బా కట్టి ఉంది. పసుపుబారిన పాత ఫ్యూజుల డబ్బా. దాని చుట్టూ గుడ్డ పట్టీ, పట్టీకి చేత్తో వేసిన సన్నటి కుట్లు, దర్జీ కుట్లు. లోపల బెల్లం ముక్క. అది పాతది కాదు, ఈ మధ్య జాతరదే అయి ఉంటుంది, రంగు ఇంకా కొత్తగా ఉంది. చీమ ఒక్కటీ లేదు.

కాసేపు అలాగే పడుకుని దాన్ని చూశాను. ఒకప్పుడు ఇక్కడే, ఇదే చోట, నా పక్కన ఇంకో తల ఉండేది. బావ ఒట్టు గుర్తొచ్చింది. అక్కకు చెప్పకూడదనుకుని, మొహంలో ఏమీ కనపడకుండా చూసుకుంటూ బయటికి జరిగాను.

అక్క నా దగ్గరికి వంగి, హోటల్ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "తమ్మీ, గా డబ్బ మూత గట్టిగున్నదా? జర చూసినవా?"

"గట్టిగనే ఉన్నదక్కా," అన్నాను.

"ఆయనకు చెప్పకు," అంది.

లేచి నిలబడబోతే మోకాళ్లు రెండూ పట్టేశాయి. అక్కే చేయందించి లేపింది.